పోటు చెప్పినట్టే నడక

అండమాన్‌లో మనుషుల సందడి లేని తీరాలకు కొదవ లేదు. కాకపోతే అక్కడ ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో నిర్ణయించేది సముద్రమే

ఏప్రిల్ నెలాఖరు. ఉదయం ఐదు గంటలకే కిటికీలోంచి వెలుతురు ముఖం మీద పడింది. అండమాన్ బంగాళాఖాతానికి తూర్పు అంచున ఉన్నా గడియారం మాత్రం ఢిల్లీదే. అందుకే ఇక్కడ సూర్యుడు పెందలాడే వచ్చి సాయంత్రం ఐదున్నర దాటగానే వెళ్లిపోతాడు. ‘‘అన్నయ్యా, ఇంకా లేవలేదా?’’ అంటూ మా తమ్ముడు కింద జీపు హారన్ కొట్టాడు.

తమ్ముడంటే బాబాయి కొడుకు. నలభై ఏళ్ల కిందట బాబాయి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, విశాఖలో ఓడెక్కి, పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో దిగి అక్కడే స్థిరపడ్డాడు. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీవిజయపురంగా మారింది కానీ జంగ్లీఘాట్ చేపల రేవులో మాట మారలేదు. అదే ఉత్తరాంధ్ర యాస, మధ్యమధ్య హిందీ. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3.8 లక్షల మందిలో దాదాపు 13 శాతం మాతృభాష తెలుగే. బాబాయి పోయాక ఏడాదికి కానీ నాన్న ఈ ఊరు చూడలేకపోయారు. ఆయన వెంట నేను, మా ఆవిడ, పదేళ్ల మా అమ్మాయి.

ఉదయం వండూరు తీరానికి బయల్దేరాం. దారిలో సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన చెరువుల్లా నీళ్లు. అవి చెరువులు కావు, ఒకప్పటి పొలాలు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ దాదాపు మీటరు మేర కుంగింది. ‘‘సునామీ వచ్చి వెళ్లిందంటారు. ఇక్కడికి మాత్రం వచ్చి ఉండిపోయింది’’ అన్నాడు తమ్ముడు.

వండూరులో జనమంతా జాలీబాయ్ దీవికి పడవెక్కే హడావుడిలో ఉన్నారు. 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ సాగర జాతీయ పార్కుకు ద్వారం ఇదే. మేం పడవ వదిలేసి తీరం వెంట నడిచాం. నీళ్ల అంచు దాకా వంగిన చెట్లు, వాటి కింద చల్లటి నీడ. మొసళ్లున్నాయని హెచ్చరించే బోర్డు చూసి మా ఆవిడ కొంగు బిగించింది. ఇక్కడి ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లోంచి సముద్రంలోకీ వస్తాయి. అందుకే స్నానాలకు వల కట్టిన చోటు వేరే ఉంది. తీరం ఖాళీగా ఉందంటే అది మన కోసమే ఖాళీగా ఉందనుకోకూడదు.

మధ్యాహ్నం ఇంట్లో చేపల పులుసుతో భోంచేసి, ఊరికి దక్షిణాన పాతిక కిలోమీటర్ల దూరంలోని చిడియాటాపుకు వెళ్లాం. అక్కడి ముండాపహాడ్ తీరం నుంచి కొండ అంచున ఉన్న నల్లరాళ్ల దాకా అడవి బాట ఉంది. ఎక్కుడు దిగుడుల మధ్య వేర్లు అడ్డం పడే బాట కావడంతో నాన్న తీరంలోనే ఆగిపోయారు. ఎండి తెల్లబడిన పెద్ద మాను మీద కూర్చున్నారు. ఇలాంటి మానులు ఈ తీరమంతా ఉన్నాయి. నేల కుంగి ఉప్పునీరు వేళ్లకు చేరాక చచ్చిపోయిన చెట్లవి.

మేం కొంతదూరం అడవిలో నడిచి, దారి బాగాలేదని వెనక్కి వచ్చాం. అప్పుడే ఆటుకు నీళ్లు బాగా తగ్గి, పక్క మలుపు దాకా రాళ్లు తేలి కనిపించాయి. అవతల మరో చిన్న తీరం, మనిషన్నవాడు లేడు. అమ్మాయి చెయ్యి పట్టుకుని అటు నడవబోయాను. ‘‘ఒరే, ఆగు’’ నాన్న కేక. ‘‘రాళ్ల మీద తడి గీత చూడు. నీళ్లు తిరిగాయి.’’

నాకేమీ తేడా కనిపించలేదు. తమ్ముడు మాత్రం తలాడించాడు. ‘‘పెదనాన్న చెప్పింది నిజమే అన్నయ్యా. రేపు పౌర్ణమి. పోటు గట్టిగా ఉంటుంది. అటు వెళ్తే తిరిగి రావడానికి రాళ్లుండవు.’’ రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒకదానికీ మరోదానికీ మధ్య సుమారు ఆరు గంటలు. పౌర్ణమికి, అమావాస్యకు ఆ తేడా మరీ ఎక్కువ. పుస్తకంలో చదువుకున్నదే. గంట తిరిగేసరికి నేను కాలుపెట్టబోయిన రాయి నీళ్ల కింద ఉంది. అప్పుడు నోట మాట రాలేదు.

ఈలోగా నా చొక్కా జేబు కదిలింది. షోకేసులో పెట్టుకుందామని దాచిన శంఖంలోంచి చిన్న పీత కాళ్లు బయటపెట్టింది. అమ్మాయి పగలబడి నవ్వింది. సన్యాసి పీతకు సొంత డొల్ల ఉండదు. ఖాళీ శంఖాన్ని వెతుక్కుని అందులో కాపురముంటుంది, పెరిగితే ఇంకాస్త పెద్దది చూసుకుంటుంది. మనం ఏరుకెళ్లే ప్రతి శంఖం దానికి దొరకని ఇల్లే. పగడాలైతే చచ్చిన ముక్క కూడా పట్టుకెళ్లడం నేరం. శంఖాన్ని దించగానే పీత ఇల్లు నెత్తికెత్తుకుని ఇసుకలోకి పరుగెత్తింది.

ఇక్కడికి రావాలనుకుంటే ఏప్రిల్ దాటకపోవడం మేలు. నైరుతి రుతుపవనాలు దేశంలో మొదట తాకేది ఈ దీవులనే, అదీ మే మూడో వారానికల్లా. చెన్నై నుంచి విమానంలో రెండు గంటలకు కాస్త ఎక్కువ. విశాఖ నుంచి ఓడలో అయితే రెండున్నర రోజులు. బయటికి వెళ్లేముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలు అడిగి తెలుసుకోవాలి.

సూర్యుడు దిగుతుండగా నాన్న పక్కన కూర్చున్నాను. ‘‘మనూరు ఎటు?’’ అని అడిగారు. తమ్ముడు వాయవ్యం వైపు చెయ్యి చూపించాడు. ‘‘నాన్న ఇక్కడికొస్తే అటు తిరిగే కూర్చునేవాడు పెదనాన్నా.’’

నాన్న ఏమీ అనలేదు. పోటు మాను దాకా వచ్చి కాళ్లు తడిపింది. ‘‘ఇక లేవండి’’ అన్నారు ఆయనే.