మగ్గం చెప్పిన లెక్క

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు మరమగ్గాలను నమ్ముకొని తరతరాలుగా జీవిస్తున్నాయి. అట్టి ఒక ఇంట కారు కొనుగోలు విషయమై తండ్రీకొడుకులకు వాదం కలిగింది.

“బాపూ! చౌక కారు కొని, ఇంజను కంప్యూటరులోని ప్రోగ్రాము మార్పిస్తే శక్తి పెరుగుతుంది. వేగానికే కంపెనీవారు తయారుచేసిన కారు ధరలో ఎంతో మిగులుతుంది” అన్నాడు కొడుకు.

తండ్రి చిరునవ్వు నవ్వాడు. “ఒకప్పుడు నేనూ పుల్లీ మార్చి పాత మగ్గాన్ని పరుగెత్తించాను, బిడ్డా! చట్రం అదిరింది, పడుగు పోగులు తెగాయి. రేపియర్ మగ్గంలో ప్రతి భాగమూ ఆ వేగం కోసమే రూపొందుతుంది.”

కారు ధర్మమూ అదే. పెరిగిన శక్తిని క్లచ్చి, బ్రేకులు, టైర్లు భరించాలి. వారంటీ పోవచ్చు, ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకు చిక్కు రావచ్చు. తయారీదారు నిర్దేశించిన మౌలిక స్వరూపాన్ని మార్చరాదని, 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ రాత్రి కొడుకు లెక్క తిరిగి వేశాడు. మార్పులన్నీ చేర్చేసరికి మిగులు కరిగిపోయింది. లెక్కకు అందనిది ఒక్కటే కనిపించింది: ఆ కారులో పక్కన కూర్చునేది తల్లి. మరునాడు చౌక కారునే కొన్నాడు, ఉన్నది ఉన్నట్లుగా.