శాలువా కప్పిన తరువాత



మన కోనసీమ ఊళ్ళలో మాస్టారు రిటైరైతే సన్మానం ఘనంగా చేస్తాం. పూలదండ వేస్తాం, శాలువా కప్పుతాం, భోజనాలు పెడతాం. మర్నాటి నుంచి ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటూ ఉంటారు, మనం నమస్కారం పెట్టి వెళ్ళిపోతాం. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఇచ్చే గౌరవం అక్కడితో అయిపోవచ్చా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మాకు చుక్కా రామయ్య గారు గుర్తొస్తారు.

ఆయన 1925 నవంబరు 20న గూడూరులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు తెలంగాణలోని జనగామ జిల్లాలో ఉంది. పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. అయినా చిన్న వయసులోనే అంటరానితనాన్ని ఎదిరించారు. తెలంగాణ పోరాటంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. ఆ తరువాత లెక్కల మాస్టారై, ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేశారు.

లోకం ఆయన్ని ఎరిగింది ఆ తరువాతే. హైదరాబాదు నల్లకుంటలో పిల్లలకు ఐఐటీ ప్రవేశ పరీక్ష కోసం లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర సీటు రావడానికే వేరే కోచింగులు పుట్టుకొచ్చాయి. జనం ఆయన్ని ఐఐటీ రామయ్య అన్నారు. ఆయన అక్కడితో ఆగలేదు. చదువుల గురించి పత్రికల్లో రాశారు. బాసరలో ఐఐటీ రావాలని ఉద్యమించారు. 2007లో ఉపాధ్యాయుల ఓట్లతో శాసనమండలికి వెళ్ళారు. 2008లో బాసరలోనూ, నూజివీడు, ఇడుపులపాయల్లోనూ ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలు అడుగుపెట్టగలిగిన చోట్లు అవి.

రామయ్య గారు మన సంఘస్థులు కారు. మంచిని మంచి అనడానికి అది అడ్డు కాదు. యెహోషువ గ్రంథం 14వ అధ్యాయంలో కాలేబును చూడండి. 85 ఏళ్ళ వయసులో ఆయన విశ్రాంతి అడగలేదు. బలమైన శత్రువులున్న కొండసీమను అడిగాడు. దేవుడిచ్చిన బలం ఉద్యోగంతో పాటు రిటైర్ కాదు.

ఇక మన ఇళ్ళ సంగతి చూద్దాం. తల్లి కువైట్‌లో ఉంటుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. నెలనెలా డబ్బు వస్తుంది, రాత్రి ఫోను వస్తుంది. ఎనిమిదో తరగతి బీజగణితం చెప్పేవారు మాత్రం రారు. లెక్కల్లో తప్పి పదితో చదువు ఆగిపోయిన ఆడపిల్ల ముందు ఇంట్లో వినిపించే మాటలు రెండే: పెళ్ళి, లేకపోతే పాస్‌పోర్టు. ఆ పిల్లకు బుర్ర లేక కాదు, పక్కన కూర్చుని చెప్పే మనిషి లేక.

లెక్కకు కులం లేదు. 144 వర్గమూలం ఏ పేటలో చేసినా 12 గానే వస్తుంది. ఆ ధైర్యం మన పిల్లలకు కావాలి.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు కాలేజీల్లో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దలారా, అయ్యగారూ, అమ్మగారూ, వారానికి రెండు సాయంత్రాలు మాకివ్వండి. మందిరం వరండాలో చాపలు మేము వేస్తాం, లైటు మేము పెడతాం. ఏ పేట పిల్లలైనా, ఏ మతం పిల్లలైనా రావచ్చు. అమ్మమ్మలారా, మీరు చేయి పట్టుకుని తీసుకురండి, చాలు. మీరు చెప్పిన పాఠం ఒక పిల్లను పై తరగతికి దాటిస్తే, మేము కప్పే శాలువా కంటే అదే పెద్ద సన్మానం.

ప్రభువా, మా పెద్దలకు బలాన్నివ్వుము, మా పిల్లలకు భయం తీసివేయుము. ఆమేన్.