జొన్న చేను చాటున

కమాన్‌పూర్ చుట్టుపక్కల ఇప్పుడు వరి, పత్తి. అవి దాటితే ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలు. మనిషి నిలబడ్డా తల కనపడని జొన్న చేలు తగ్గిపోయాయి. తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఎప్పుడు చదివినా నాకు ఆ చేలే గుర్తొస్తాయి. 1947 సెప్టెంబరు 11న నిజాం మీద ఆయుధాలు పట్టమని పిలుపు వచ్చాక దళాల్లో చేరినవాళ్లకు బారకుల్లేవు, గుడారాల్లేవు. రైతు చేనూ అడవీ గుట్టలే మకాం.

పగలు ఒకరు కాపలా, మిగతావాళ్లకు నిద్ర. లేచాక తుపాకులు తుడుచుకోవడం, చదువు రానివాళ్లు అక్షరాలు దిద్దుకోవడం. చీకటి పడ్డాక ఊళ్లో మీటింగు, తెల్లారేలోపు ఇంకో ఊరి పొలిమేర.

వాళ్లకు బువ్వ చేరిన తీరు చూడండి. ఇంటి ఆడమనిషి నెత్తిన గంపతో చేనికి పోతుంటే చూసినవాళ్లు కూలోళ్లకనే అనుకోవాలి. గంపలో గట్క, జొన్న రొట్టెలు, మిరపకాయ తొక్కు. నలుగురున్న ఇంట్లో పది మందికి వండాలంటే ఎంత జాగ్రత్త పడి ఉండాలి! రాత్రి ఇసుర్రాయి కాస్త ఎక్కువసేపు తిరిగినా పక్కింటికి తెలిసిపోతుంది. తెలిస్తే ఏమవుతుందో అందరికీ ఎరుకే. నిజాం తరఫు రజాకార్లు ఊళ్లకు ఊళ్లే తగలబెట్టారు.

మంచె మీద పిట్టల్ని కొట్టే వడిసెల కూడా ఆ రోజుల్లో ఆయుధమైంది. తాడు నడుమ చిన్న అల్లిక, అందులో గులకరాయి. ఒక కొస వేలికి తొడుక్కుని, రెండోది పట్టుకుని, తల చుట్టూ గిరగిరా తిప్పి వదలడమే. ఆడవాళ్లకూ పిల్లలకూ చేతికి అలవాటైన విద్య అది.

పంట కోస్తే చాటు పోతుంది. 1948 మార్చి 14న మన కరీంనగర్ బిడ్డ, దళనాయకుడు అనభేరి ప్రభాకరరావు హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్ గుట్టల్లో నేలకొరిగాడు. మార్చి నాటికి మన చేలు బోసిపోతాయి, దాక్కోవడానికి గుట్టలే మిగులుతాయి. ఆ తేదీ చదివినప్పుడల్లా నాకు ఈ ఆలోచనే వస్తుంది.

అదే ఏడాది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి నిజాం లొంగినా పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. దళాలకు తిండి అందకుండా అడవి గూడేల జనాన్ని శిబిరాలకు తరలించారు. గంపకు ఎంత బలముందో ఎదుటివాళ్లు బాగానే గుర్తించారు.

గుర్తించనిది మనమే. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్‌కు జైలు రికార్డో అజ్ఞాతవాసం రుజువో అడిగారు. బువ్వ మోసిన అవ్వ దగ్గర ఏ కాగితం ఉంటుంది? స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చి కొందరి మాటలు నిలబెట్టింది. ఆ పోరాట రోజుల్లో తల్లి కొంగు పట్టుకుని గంప వెంట నడిచిన పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటాయి. గనుల కింద ఊళ్లు లేచిపోతున్న ఈ వైపున వాళ్లను కూర్చోబెట్టుకుని అడగాలి: ఏ చేనికి పోయేవాళ్లు, ఏ దారిన, ఎన్ని రొట్టెలు మోశారు?