క్లచ్చి లేని కారులో భీమిలి దాకా!

మన సినిమాల్లో హీరోగారికి కోపం వచ్చిందని ప్రేక్షకుడికి చెప్పాలంటే పేజీల కొద్దీ డైలాగులు అక్కర్లేదు. కెమెరా గేరు రాడ్డు మీదికి వెళుతుంది. ఓ చెయ్యి దాన్ని టక్కున ముందుకి తోస్తుంది. క్లచ్చి మీంచి ఓ బూటు లేస్తుంది, యాక్సిలరేటరు మీద ఇంకో బూటు పడుతుంది. దుమ్ము రేపుకుంటూ చక్రం తిరుగుతుంది. మూడంటే మూడు షాట్లు! హాల్లో ఈలలే ఈలలు. ఆ గేరూ ఆ క్లచ్చీ లేకపోతే పాపం డైరెక్టరు గారి గతేమిటో గానీ, ఇప్పుడు రోడ్డు మీదికి వస్తున్న కొత్త కార్లు చాలావాటిలో గేరు మార్చే పనీ లేదు, క్లచ్చి తొక్కే పనీ లేదు.

అలాంటి కొత్త సెడాన్ ఒకదాన్ని విశాఖపట్నంలో ఎక్కి, సముద్రం ఒడ్డునే భీమిలి దాకా నడిపి చూసిన ముచ్చట ఇది. కంపెనీ పేరు మాత్రం అడక్కండి. చెబితే ప్రకటన అనుకుంటారు, చెప్పకపోతే వ్యాసం అనుకుంటారు. మనకి వ్యాసమే ముద్దు!

మోకాలు పెట్టిన ముచ్చట

నేను కారు నేర్చుకున్నది 1986లో, మా మావయ్య గారి ప్రీమియర్ పద్మినీ మీద. దానికి గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. ఆ రోజుల్లో అంబాసిడరుకీ అంతే. "గేరు వెయ్యడం కాదురా, ఇంజను ఏమంటోందో విని వెయ్యాలి" అనేవారు మావయ్య. ఆ తర్వాత ఎన్ని బండ్లు మారినా చెవి మాత్రం ఇంజను మీదే ఉండిపోయింది. రెండో గేరు ఎప్పుడు అడుగుతుందో, మూడోది ఎప్పుడు వద్దంటుందో చూడకుండానే తెలిసిపోతుంది.

కానీ మోకాలికి ఇవేమీ పట్టవు కదా! ఎడమ మోకాలిలో గుజ్జు అరిగిందని డాక్టరు గారు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పారు. "డ్రైవింగు మానేస్తారా, క్లచ్చి మానేస్తారా, మీరే తేల్చుకోండి" అన్నారు. ఆ రోజు ఇంటికొస్తూ లెక్కపెట్టాను. మద్దిలపాలెం నుంచి జగదాంబ సెంటరు దాకా క్లచ్చి ఎనభై ఏడుసార్లు తొక్కాను! సినిమా హాలు పేరుతో సెంటరు వెలసిన ఊరు మాది. ఆ సెంటరు చేరేసరికి సెకండ్ షో చూసొచ్చినంత అలసట.

డ్రైవింగు మానేద్దామంటే శ్రీకాకుళంలో అమ్మ ఉంది. ఎనభై నాలుగేళ్ళు. నెలకి రెండుసార్లు వెళ్ళి చూడకపోతే ఆవిడకి నిద్రపట్టదు, నాకూ పట్టదు. పోనూ రానూ రెండు వందల కిలోమీటర్ల పైమాట. అర్ధరాత్రి ఫోనొస్తే బస్సు కోసం కూర్చోలేం. కాబట్టి సరదాగా షోరూముకి వెళ్ళాననుకోకండి. ఇంకో పదేళ్ళు అమ్మ దగ్గరికి నా అంతట నేను వెళ్ళగలనా లేదా అన్నది తేల్చుకోవడానికి వెళ్ళాను.

ఎడమకాలికి సెలవు

మామూలుగా టెస్ట్ డ్రైవ్ అంటే వీధి చివరిదాకా తీసుకెళ్ళి "ఎలా ఉంది సార్?" అంటారు. అది పెళ్ళిచూపుల్లో కాఫీ తాగినంతసేపు! మేనేజరు గారిని బతిమాలి భీమిలి దాకా ఒప్పించాను. పక్క సీట్లో షోరూము కుర్రాడు, వెనక సీట్లో మా ఆవిడ.

కుర్రాడు తెలివైనవాడు. స్టార్ట్ చెయ్యకముందే ఒక మాట చెప్పాడు. "సార్, ఎడమకాలు ఇదిగో, ఈ పక్క మెట్టు మీద పెట్టెయ్యండి. దిగేదాకా తియ్యొద్దు." ఎందుకో తెలుసా? ఇందులో ఉన్నవి రెండే పెడల్సు. బ్రేకు పెడల్ వెడల్పుగా, ఎడమవైపుకి జరిగి ఉంటుంది. క్లచ్చి అలవాటున్న కాలు అలవాటు ప్రకారం బలంగా తొక్కిందంటే బండి గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది, వెనకాల వచ్చేవాడు మన డిక్కీలో ఉంటాడు! నా కాలు మెట్టు మీదే కూర్చుంది గానీ, ఆగినప్పుడల్లా బడి గంట విన్న పిల్లాడిలా ఉలిక్కిపడుతూనే ఉంది.

గేరు రాడ్డు చోట అక్షరాలు. పి అంటే పార్కింగు, చక్రాలకి తాళం. ఆర్ రివర్సు, ఎన్ న్యూట్రల్, డి అంటే డ్రైవ్. బ్రేకు తొక్కితే గానీ స్టార్టవదు. డి లో వేసి బ్రేకు వదిలితే చాలు, యాక్సిలరేటరు ముట్టుకోకుండానే కారు మెల్లగా పాకుతుంది. ట్రాఫిక్కులో ఆ పాకుడే దీని అసలు విద్య! సిరిపురం సిగ్నల్ దగ్గర నాలుగుసార్లు ఆగి కదిలాం. హాఫ్ క్లచ్ లేదు, కాలు వణకడం లేదు. నా మోకాలు పుట్టి బుద్ధెరిగాక అలాంటి సిగ్నల్ చూడలేదు.

కుడిచేతి పక్కన సముద్రం

పాండురంగాపురం డౌన్ దిగి ఎడమకి తిరిగితే బీచి రోడ్డు. కుడి కిటికీ నిండా సముద్రం. నేవీ నుంచి 2001లో రిటైరై మ్యూజియంగా మారిన కుర్సురా జలాంతర్గామి ఇసుకలో పడుకుని ఉంది. రోడ్డుకి ఇవతల టీయూ-142 విమానం. ఒకటి నీళ్ళ కింద తిరిగింది, ఒకటి గాలిలో తిరిగింది. ఇప్పుడు రెండూ ఎదురెదురుగా కూర్చుని రోడ్డు మీద తిరిగేవాళ్ళని చూస్తున్నాయి! తెన్నేటి పార్కు దాటాం. 2020 అక్టోబరు గాలివానకి బంగ్లాదేశ్ ఓడ 'ఎం.వి. మా' కొట్టుకొచ్చి రాళ్ళ మీద ఎక్కింది ఇక్కడే. అప్పుడు ఊరంతా తిరణాలకొచ్చినట్టు వచ్చి చూసింది.

ఋషికొండ దాటాక రోడ్డు ఖాళీ. ఇక్కడే నాకూ ఆ కారుకీ మొదటి పేచీ. ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటరు గట్టిగా నొక్కాను. ఇంజను గొంతు పెంచి అరిచింది, వేగం మాత్రం ఒక ఘడియ ఆగి వచ్చింది. ప్లేబ్యాక్ పాట ముందొచ్చి పెదవులు తర్వాత కదిలినట్టు! మావయ్య నేర్పిన నా చెవికి అది అస్సలు నచ్చలేదు. చెయ్యి తనంతట తను మూడో గేరు కోసం వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది.

తొట్లకొండ ఎక్కించాం. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల వచ్చిన పేరది. రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ ఆరామం. ఎత్తులో కావాలనే ఆపాను. గేరు బండిలో ఇలాంటి చోట ఆపి కదలడమే డ్రైవరుకి అసలు పరీక్ష. హ్యాండ్‌బ్రేకు, హాఫ్ క్లచ్, రెండు చేతులూ రెండు కాళ్ళూ కలిసి భరతనాట్యం చెయ్యాలి. ఈ కారు బ్రేకు వదిలినా రెండు క్షణాలు తనే పట్టుకు నిలబడింది, ఈలోగా కాలు యాక్సిలరేటరు మీదికి చేరిపోయింది. దిగేటప్పుడు మాత్రం డి లో వదిలెయ్యకూడదు. కిందిగేరు పని చేసే 'ఎల్' లో వేస్తే ఇంజనే వేగాన్ని పట్టుకుంటుంది. లేదంటే బ్రేకులు వేడెక్కి పట్టు సడలుతాయి. ఘాట్ రోడ్డు నియమం ఏ బండికైనా ఒకటే!

డచ్చివాడి బెల్టు

ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరాం. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఊరు. బాలచందర్ గారి 'మరో చరిత్ర' 1978లో వచ్చింది. కమల్ హాసన్, సరితల ఆ ప్రేమకథని తీసింది ఈ విశాఖ, భీమిలి తీరాల్లోనే. ఆ తెలుపు నలుపు అలలు చూసి ఏడ్చినవాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు. అలలు మాత్రం అలాగే ఉన్నాయి.

సముద్రానికి దగ్గర్లో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికొచ్చి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయినవాళ్ళవి. వాటి పక్కన కారు ఆపితే ఓ తమాషా గుర్తొచ్చింది. ఈ కారులో ఉన్న సి.వి.టి. అనే గేర్‌బాక్సుని కార్లలో అందరికీ అందేలా పెట్టింది ఓ డచ్చివాడే! పేరు హబ్ వాన్ డోర్నే. డాఫ్ కంపెనీ స్థాపకుడు. 1958లో డాఫ్ 600 అనే బుల్లి కారులో పళ్ళ చక్రాలకి బదులు రబ్బరు బెల్టులూ, వెడల్పు తగ్గుతూ పెరుగుతూ ఉండే కప్పీలూ పెట్టాడు. కప్పీ వెడల్పు మారితే బెల్టు పైకీ కిందికీ జారుతుంది, గేరు దానంతటది మారుతూ పోతుంది. ఒకటి, రెండు, మూడు అని మెట్లు లేవు. అంతా జారుడుబల్లే! ఆ కారు ముందుకి ఎంత వేగం పోతుందో వెనక్కీ అంత వేగం పోయేదట. తర్వాత 1980లలో రబ్బరు పోయి ఉక్కు బెల్టు వచ్చింది.

టీ బడ్డీ దగ్గర ఓ పెద్దాయన కారు చుట్టూ తిరిగి చూశాడు. ఒకప్పుడు టాక్సీ తోలాడట. "ఏటి బాబూ, క్లచ్చి లేదంటన్నావు. మరి బండి మన మాట ఎలగింటాది?"

నా మనసులో మాటే! జవాబు నా దగ్గర లేదు. మా ఆవిడ దగ్గరుంది.

"నా స్కూటరు ఇరవై ఏళ్ళుగా వింటూనే ఉంది కదండీ! దానికీ క్లచ్చి లేదు, గేర్లూ లేవు."

షోరూము కుర్రాడు పగలబడి నవ్వాడు. "నిజమే సార్, మేడమ్ స్కూటర్లో ఉన్నదీ బెల్టే. ఇదీ అదే సూత్రం."

1984లో కైనెటిక్ హోండా వచ్చి గేర్లు లేని స్కూటరుని మన రోడ్ల మీదికి తెచ్చింది. చీరకట్టుతో, కాలేజీ పుస్తకాలతో ఎందరు ఆడవాళ్ళు తమ పని తామే చేసుకోగలిగారో ఆ తరాన్ని అడగండి. నేను కొత్త వింత అనుకుంటున్నది మా ఇంటి వరండాలోనే ఇరవై ఏళ్ళుగా ఉంది!

మా ఆవిడకి కారు లైసెన్సు కూడా ఉంది. రెన్యూ చేయించడం, బీరువాలో పెట్టడం. సిరిపురం ఎత్తులో క్లచ్చి వదిలితే బండి వెనక్కి జారుతుందన్న భయంతో స్టీరింగు పట్టలేదు. ఆ రోజు బ్యాగులోంచి తీసి కుర్రాడి చేతిలో పెట్టింది. అతను చూసి సరేనన్నాడు. ఊరి చివర ఖాళీ మైదానంలో మూడు చుట్లు కొట్టింది. మొదటి చుట్టు నత్తలా, రెండోది ఎద్దుబండిలా, మూడోది మా ఆవిడలా! కారు ఆపి పి లో వేసి ఒకటే మాట అంది. "అత్తయ్య గారి దగ్గరికి ఇక మీ మోకాలి దయ అక్కర్లేదు."

ఇంతకీ తీర్పు?

కుర్ర పాఠకులకి నా సలహా అడిగితే, ముందు గేరు బండే నేర్చుకోండి. ఇంజను ఏమంటోందో చెవికి తెలియాలి. స్నేహితుడి బండి తోలాల్సొచ్చినా, మేనమామ వ్యాన్ తోలాల్సొచ్చినా చేతులు ముడుచుకు నిలబడక్కర్లేదు. పైగా క్లచ్చి లేని బండి ధర లక్ష పైచిలుకు ఎక్కువ. ఆ లక్షకి ఎన్ని సినిమాలొస్తాయో మీకు నేను చెప్పాలా?

కానీ ఊళ్ళో రోజూ నలిగేవాళ్ళకీ, మోకాళ్ళు మొరాయించేవాళ్ళకీ, క్లచ్చి భయంతో లైసెన్సు బీరువాలో దాచుకున్నవాళ్ళకీ ఆ లక్ష దండగ కాదు. గేరు మార్చే సరదా పోయిన మాట నిజం. లారీని దాటేటప్పుడు ఆ అరుపు నాకిప్పటికీ నచ్చదు. అయినా మర్నాడే బుక్ చేశాం.

శ్రీకాకుళం ప్రయాణానికి ఇంట్లో ఒప్పందం కుదిరింది. వెళ్ళేటప్పుడు ఆవిడ, వచ్చేటప్పుడు నేను. ఫోన్లో ఈ మాట చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే కోడలు తోలుకొస్తుందన్నమాట. వీధిలో అందరికీ చెబుతానుండు" అంది.