కొలబద్ద నేర్పిన పాఠము

నేను తెలుగు పండితుడను. గణితమున నాకు గల ప్రవేశము స్వల్పము. ముప్పది సంవత్సరములకు పైగా పద్యములు, వ్యాకరణము బోధించి, కడపట కొంతకాలము ప్రధానోపాధ్యాయుడనై యుండి, పదవీవిరమణ చేసితిని. అట్టి నేను కొలతలను గూర్చి వ్రాయ బూనుట చూచి మీరు నవ్వవచ్చును. కాని కొలత విషయముననే నేనొక విద్యార్థికి అన్యాయము చేసితిని. అది అన్యాయమని ముప్పది మూడేండ్లకు గాని నాకు తెలియలేదు. తెలిసిన విధమును మీకు చెప్పెదను.

అది 1992వ సంవత్సరము. సముద్రతీరమునకు చేరువనున్న యొక గ్రామమున నేను పనిచేయుచుంటిని. సాంఘికశాస్త్రము బోధించువారు సెలవుపై నుండుటచే ఎనిమిదవ తరగతివారికి ఆ పాఠములను కూడ నేనే చెప్పవలసి వచ్చెను. ఒకనాడు చిన్న పరీక్ష పెట్టి, ఆంధ్రప్రదేశ్ సముద్రతీరము పొడవెంత యని ప్రశ్న ఇచ్చితిని. 974 కిలోమీటర్లని అందరును వ్రాసిరి. ఒక్క బాలుడు మాత్రము, "ఏ పటముమీద కొలిచినదియు తెలిసిననే గాని చెప్పలేము" అని వ్రాసెను.

వానిని లేపి, ఇదేమి సమాధానమని అడిగితిని. వాడు జేబులోనుండి చిన్న దారపుండ తీసి, "మాస్టారూ, దారమును వంపులవెంట పరచి రెండు పటములపై కొలిచితినండి. చిన్న పటములో తక్కువ వచ్చినది, పెద్ద పటములో ఎక్కువ వచ్చినది" అనెను. నేను మాటాడకుండుట చూచి వాడు మరల, "మా నాయన పడవమీద పొరుగూరి రేవునకు సూటిగా పోవును. మా అమ్మ చేపలగంప నెత్తిన పెట్టుకొని, ఏటిపాయలను చుట్టి ఒడ్డువెంట నడచిపోవును. చేరు నూరొక్కటే గాని దూరమొక్కటి కాదు గదండీ!" అనెను.

తరగతి అంతయు నవ్వెను. నాకు కోపము వచ్చెను. "పుస్తకము వ్రాసినవారికంటె నీకెక్కువ తెలియునా?" అని గద్దించి, ఆ సమాధానమునకు సున్న వేసి, గంట ముగియువరకు వానిని బల్లపై నిలువబెట్టితిని. పిమ్మట ఆ మాటనే మరచితిని.

గడచిన వేసవిలో నా మనుమడును, వాని మిత్రులును మా యింటి వసారాలో ఒక ఆట ఆడుచుండిరి. నా మనుమరాలు ఆ ఆటను నడుపుచుండెను. ఆమె కళాశాలలో గణితము చదువుచున్నది. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు దీనిని కల్పించిరి. 1974లో అమెరికాలో ఇది మొదట వెలువడినది. మన చదరంగమువలె ఒకరు గెలిచి ఒకరు ఓడుట ఇందు ప్రధానము కాదు. ఒకరు కథ చెప్పుచుందురు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను వహించి, తమ పాత్ర ఏమి చేయునో చెప్పుచుందురు. సందేహాస్పదమైన కార్యము నెరవేరునో లేదో తరచుగా ఇరువది ముఖముల పాచిక నిర్ణయించును. యుద్ధము వచ్చినపుడు గళ్ల కాగితము పరచి, ఒక్కొక్క గడిని ఐదడుగులుగా నెంచి, బొమ్మలను నడుపుదురు.

ఆనాడు వారికి కలహము పుట్టెను. ఒక వీరుడు గాయపడి పడియుండెను. వానిని కాపాడవలసిన మిత్రుడు మూలవాటుగా ఆరు గడుల దూరముననుండెను. ఒక్క పర్యాయమున ముప్పదడుగులు మాత్రమే నడువవచ్చును. "ఆరు గడులు, ముప్పదడుగులు. చేరగలను" అని ఒకడు వాదించెను. "మూలవాటు నడకలో మొదటి గడి ఐదడుగులు, రెండవది పది, మరల ఐదు, మరల పది. మొత్తము నలుబదియైదడుగులు. చేరలేవు" అని మరియొకడు పట్టుపట్టెను.

న్యాయము చెప్పుమని నన్ను పిలిచిరి. నేను గంభీరముగా కొలబద్ద తెచ్చి కొలిచితిని. నలుబది రెండడుగులకు కొంచెము పైగా వచ్చెను! ఒక్క దారికి మూడు పొడవులు. నేను తెల్లబోయితిని.

మనుమరాలు నవ్వి, "తాతయ్యా, మువ్వురును సరిగనే కొలిచితిరి. ఆ ఆట నియమములే కాలమునుబట్టి మారినవి. 2003 నాటి గ్రంథములో ఐదు, పది యను లెక్క కలదు. 2008 నాటి గ్రంథములో ఏ దిక్కునకు పోయినను గడి గడియే. నీవు కొలిచినది రేఖాగణితము చెప్పు కర్ణము. ఏ నియమముతో కొలిచెదమో పాచిక వేయకమునుపే చెప్పుకొనవలెను. చెప్పుకొనక జగడమాడుట మా తప్పు" అనెను.

ఆ మాట వినగానే బల్లపై నిలిచిన బాలుడు, వాని చేతిలోని దారపుండ నా కన్నులయెదుట నిలిచినవి. "అమ్మా, సముద్రతీరమునకు కూడ ఇట్టి చిక్కు కలదా?" అని అడిగితిని. "ఇంతకంటె పెద్దది కలదు" అని ఆమె చెప్ప మొదలిడెను.

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు యుద్ధములకు కారణములను వెదకుచు, దేశముల సరిహద్దులు ఎంతెంత పొడవున్నవో పరిశీలించెను. స్పెయిన్, పోర్చుగల్ దేశముల నడుమ సరిహద్దు ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, వేరొక లెక్కలో 1214 కిలోమీటర్లు! కొలబద్ద చిన్నదైనకొలది అది మరిన్ని వంపులలో దూరును గనుక పొడవు పెరుగునని ఆయన గ్రహించెను. ఆయన 1953లో మరణించెను. ఈ పరిశోధన 1961లో గాని ప్రకటింపబడలేదు. 1967లో బెన్వా మాండెల్‌బ్రాట్ అను గణితవేత్త, బ్రిటన్ తీరము పొడవెంత యను ప్రశ్ననే శీర్షికగా నుంచి ఒక వ్యాసము వ్రాసి, రిచర్డ్‌సన్ కృషిని లోకమునకు చాటెను.

గళ్ల కాగితముపై కలహమునకు ఒక హద్దు కలదు. గడి యెంత చిన్నదైనను, సూటిదూరమునకును గడుల లెక్కకును గల భేదము ఒక మేరను దాటదు. వంకరగీతకు అట్టి మేర లేకపోవచ్చును. దీనిని చూపుటకు మనుమరాలు కాగితముపై ఒక రేఖ గీచెను. దానిని మూడు సమభాగములు చేసి, నడిమి భాగమును చెరిపి, ఆ చోట అంతే పొడవు గల రెండు గీతలను గుడిసె కప్పువలె నిలిపెను. మూడు ముక్కలకు బదులు నాలుగు ముక్కలైనవి. ఆ నాలుగింటికిని మరల అట్లే చేసెను. 1904లో స్వీడన్ దేశీయుడైన కోఖ్ ఈ వక్రమును నిర్మించెను. ప్రతి పర్యాయమును పొడవు మూడింట నాలుగు వంతులగును. మీటరు రేఖతో మొదలిడి పదిసార్లు చేసిన పదునేడున్నర మీటర్లు దాటును. ఐనను గీత ఆ చిన్న కాగితమును విడిచి పోదు. ఎడతెగక చేయుచుపోయిన ఆ పొడవునకు అంతము లేదు.

"మరి పొడవు నిలువకున్న, ఏది నిలుచును?" అని అడిగితిని. ఆమె ఇట్లు చెప్పెను. రేఖను మూడవ వంతు ముక్కలు చేసిన మూడు ముక్కలు వచ్చును. చతురస్రమును భుజమున మూడవ వంతు గల ముక్కలు చేసిన తొమ్మిది వచ్చును. మూడునకు ఒకటవ ఘాతము మూడు, రెండవ ఘాతము తొమ్మిది. కావున రేఖ ఏకమితి, చతురస్రము ద్విమితి. కోఖ్ వక్రమున మూడవ వంతు ముక్కలు నాలుగు గలవు. మూడునకు ఎన్నవ ఘాతము నాలుగు? ఒకటికి మించి రెంటికి లోబడిన సంఖ్య: సుమారు 1.26. అది రేఖకంటె ఎక్కువ, తలముకంటె తక్కువ. ఇట్టి ఆకృతులకు మాండెల్‌బ్రాట్ 1975లో ఫ్రాక్టల్ అను పేరు పెట్టెను. విరిగినది అను అర్థము గల లాటిన్ పదము దీనికి మూలము. నిజమైన తీరములు కోఖ్ వక్రమువలె అనంతముగా విరుగవు. ఐనను చాల మేరవరకు ఆ ధర్మమునే చూపును. నున్నని దక్షిణాఫ్రికా తీరమునకు 1.02, మిక్కిలి వంకరలు గల బ్రిటన్ పడమటి తీరమునకు 1.25 అని లెక్క కట్టిరి. పొడవు మారును గాని, అది మారు తీరు మారదు.

అటుపిమ్మట ఆమె మన దేశపు లెక్కను చూపెను. చిరకాలము భారతదేశ తీరము 7516.6 కిలోమీటర్లని చదివితిమి. కేంద్ర హోం మంత్రిత్వశాఖవారి 2023-24 వార్షిక నివేదికలో అది 11,098.81 కిలోమీటర్లైనది. ఆంధ్రప్రదేశ్ తీరము 973.7 నుండి 1053.07 కిలోమీటర్లైనది. సముద్రము ముందుకు రాలేదు, భూమి పెరుగలేదు. మునుపటికంటె సూక్ష్మమైన పటములపై కొలిచిరి, అంతే! బాలుడు దారముతో కనుగొన్నది ఇదియే.

మరునాడే నేను ఆ గ్రామమునకు బయలుదేరితిని. ఆనాటి బాలుడు నేడు నలుబదియారేండ్ల వాడు, పడవలు బాగుచేయుచున్నాడు. నన్ను గుర్తించి, చేతులు తుడుచుకొని నమస్కరించెను. నేను సంగతి అంతయు చెప్పి, "నాయనా, నీవు వ్రాసినదే సరి. నేను తప్పు చేసితిని" అంటిని. అతడు కొంతతడవు మాటాడలేదు. పిదప మెల్లగా, "ఆ దినము నాకు జ్ఞాపకమే మాస్టారూ. అటుపిమ్మట పరీక్షలలో పుస్తకములో నున్నదే వ్రాసితిని. నేను కొలిచినది ఎన్నడును వ్రాయలేదు" అనెను.

అతని మాటలో కోపము లేదు. ఉండినను బాగుండెడిదని నాకు తోచెను. సున్నను దిద్దుటకు ఆనాటి కాగితము నేడు లేదు. అతడు కొలిచియు వ్రాయకుండిన వేమేమో తెలిసికొనుటకును దారి లేదు. మా సంభాషణమును వినుచున్న అతని కుమార్తె మాత్రము, "ఆ దారపుండ ఎక్కడ నాన్నా?" అని అడిగెను. అతడు నవ్వి, పడవకు రంగుగీత గీయు దారమును తుంచి ఆమెకు ఇచ్చెను.

విద్యార్థులారా! పుస్తకములోని సంఖ్యను గౌరవింపుడు, ఎవరో శ్రమపడి కొలిచినది గదా. కాని దేనితో కొలిచిరని కూడ అడుగుడు. ఆ ప్రశ్న అడిగిన వానిని మీ తరగతిలో ఎవరైనను నవ్వినయెడల, మీరు వారితో గలిసి నవ్వకుడు.