రెండు కొరుకుల బర్గర్

చైనీస్ రుచి అంటే సాస్ సీసాలే అనుకుంటాం కదా! వాళ్ల ‘ఫైవ్ స్పైస్’ పొడిలో ఉండేవి అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, సోంపు, సిచువాన్ మిరియాలు. చివరిది తప్ప అన్నీ మన బిర్యానీ దినుసులే. దాని బదులు మామూలు మిరియాలు వేసి, దోరగా వేయించి పొడి కొట్టా. పావుకిలో చికెన్ కీమాలో ఆ పొడి అరచెంచా, సోయాసాస్ చెంచా, అల్లంవెల్లుల్లి, ఉల్లికాడలు కలిపి, నిమ్మకాయంత ఉండల్ని వడల్లా తట్టి, పెనం మీద లోపలిదాకా ఉడికేలా కాల్చా.

బుల్లి బన్నులే ఎందుకంటే, తాతయ్య పోయిన దగ్గర్నుంచి నానమ్మ రెండు ముద్దలకే చాలంటోంది. నిండు కంచం చూస్తే లేచి వెళ్లిపోతోంది. ఇదైతే రెండు కొరుకులే.

“మీ తాతయ్య వండే బిర్యానీ వాసనొస్తోందే” అంటూ ఒకటి తినేసి, ఇంకోటి అందుకుంది.

మీ ఇంట్లోనూ అన్నం సయించని వాళ్లుంటే, సైజు తగ్గించి వాసన పెంచి చూడండి.