అవ్వ చెవికి సరిపోయిన డిప్ప

నా మొదటి హెడ్‌ఫోన్ హిందూపురం బస్టాండు బయట, దువ్వెనలూ తాళాలూ పరిచి అమ్మే గోనెపట్టా మీద దొరికింది. 40 రూపాయలు. సన్నటి ఇనుప పట్టీ, రెండు నల్ల డిప్పలు, వాటికి నారింజరంగు స్పాంజి. అది 2001 వేసవి, నేను తొమ్మిదో తరగతికి పోబోతున్నాను. మా గౌరిబిదనూరు అప్పటికింకా కోలారు జిల్లాలోనే ఉంది. చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడింది 2007లో. హిందూపురం పక్క రాష్ట్రమే అయినా రైలెక్కితే విదురాశ్వత్థం, దేవరపల్లి దాటగానే వచ్చేస్తుంది. గాజులకైనా, సినిమాకైనా, తెలుగు క్యాసెట్లకైనా అక్కడికే పోయేవాళ్లం.

ఆ క్యాసెట్లకు నేను పడ్డ బాకీ ఒకటుంది. మాకు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. తెలుగు అక్షరాలు నాచేత ఎవరూ దిద్దించలేదు. క్యాసెట్ అట్టల మీది పాటల పేర్లను కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ కూడబలుక్కున్నాను. తలకట్టు పట్టుబడ్డాక మిగతావి దారికొచ్చాయి.

వాక్‌మన్ మా మామ ఇచ్చింది. ఆయనది రేడియో రిపేరు అంగడి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో సామాన్లు కొనుక్కొచ్చి, పాత సెట్లన్నీ బతికించేవాడు. ఇళయరాజా 1989లో ‘గీతాంజలి’కి కట్టిన పాటల్లో గొంతు కింద బేస్ గిటార్ ఇంకో పాటలా నడుస్తుంది. మామ అంగట్లో పెద్ద స్పీకరు ముందు నిలబడితే అది కడుపులో తగిలేది. నా హెడ్‌ఫోన్లో అదే క్యాసెట్ వింటే తగరం డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుంది. వైరు మంచిది వేస్తే బాగవుతుందేమోనని అడిగాను.

“వైరుదేమీ లేదురా. గాలి యాడ పోతాందో చూడు,” అన్నాడు మామ. డిప్పను రెండు వేళ్లతో నా చెవికి అదిమాడు. ఎక్కడ దాక్కుందో, గిటార్ వచ్చేసింది. చేయి తీశాడు, పోయింది.

నాకు అర్థమైన మొదటి పాఠం అదే. లోపలుండే పల్చటి ప్లాస్టిక్ పొర ముందుకీ వెనక్కీ కదిలి గాలిని తోస్తుంది. చెవికీ డిప్పకీ సందుంటే ఆ తోపు బయటికి కారిపోతుంది. అందులో ముందుగా పోయేది లోతు స్వరమే. స్పాంజి గాలిని ఆపదు. అవ్వ పాత మఖమలు రవిక చేయి కత్తిరించి, బూరుగుదూది కూరి, చుట్టకుదురులాంటివి రెండు కుట్టాను. స్పాంజి తీసి వాటిని అతికిస్తే సగం జబ్బు అక్కడే కుదిరింది.

మిగతా సగానికి వేసవి సెలవులన్నీ పట్టాయి. మా ఇంట్లో కరెంటు ప్లగ్గు వంటింట్లోనే ఉండేది కాబట్టి సోల్డరింగు కూడా అక్కడే. (1910 ప్రాంతంలో అమెరికాలోని యూటాలో నథానియెల్ బాల్డ్విన్ తన వంటింట్లోనే హెడ్‌ఫోన్లు చేసి నౌకాదళానికి పంపాడని పెద్దయ్యాక చదివి, ఎంత సంతోషపడ్డానో!) డిప్ప వెనక చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అన్నీ మూస్తే పాడేవాడు బానలో తలపెట్టి పాడినట్టుంది. అన్నీ తెరిస్తే గొంతు పీలగా పోయింది. గాయాలకు వేసే పట్టీ ముక్కతో మూసి, సూదితో ఒక్కో బెజ్జం పొడుస్తూ వింటూపోతే మూడో బెజ్జం దగ్గర కుదిరింది. డిప్ప లోపల కాస్త దూది పరిస్తే ప్లాస్టిక్ గుయ్యిమనడం తగ్గింది. ఎక్కువైతే పాట చచ్చిపోయింది. స కారాలు చెవిలో గీసినట్టుంటే పొర ముందు బూట్లడబ్బాలో వచ్చే పల్చటి కాగితం గుండ్రంగా కత్తిరించి పెట్టాను. ఆ గీత చెరిగిపోయింది.

నష్టమూ జరిగింది. ఇనుప పట్టకారును అయస్కాంతం లటుక్కున లాగేసుకుని ఒక పొరకు చిల్లి పడింది. మామ ఇంకో పాత హెడ్‌ఫోన్ నుంచి జత విప్పి ఇచ్చాడు. వాటికి వైరు అతకడం ఇంకో చదువు. దారప్పోగులతో కలిపి పేనిన ఆ సన్నటి రాగితీగలకు ఎర్ర, పచ్చ వార్నిష్ పూత ఉంటుంది, అగ్గిపుల్లతో కాల్చి గీకితే తప్ప సీసం పట్టదు. అంతా అతికి పెట్టుకుంటే గొంతు నెత్తి నడుమ నిలవక రెండు పక్కలకీ విడిపోయింది, బేస్ మళ్లీ మాయం. ఒకవైపు తీగలు తారుమారు చేశాను. ఒక పొర ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. మామ పెన్ను సెల్లు ఆనించి చూపించాడు: టక్కుమన్నప్పుడు రెండు పొరలూ ఒకే దిక్కుకు ఉబ్బాలి.

ఆ జులైలోనే బెంగళూరులో దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం మొదలైంది. వాక్‌మన్‌లో రేడియో ఉండేది. రాత్రి మిద్దెక్కి దక్షిణంగా తిరిగి నిలబడితే సన్నగా పట్టేది. తెగిన చోటల్లా కత్తిరించి వైరు పొట్టి చేసేసరికి ఆ స్టేషన్ కాస్తా పోయింది. వేరే ఏరియల్ లేని ఆ రేడియోకు హెడ్‌ఫోన్ వైరే ఏరియల్. ఎఫ్‌ఎం తరంగం పొడవు 3 మీటర్ల చిల్లర, అందులో నాలుగోవంతైనా తీగ ఉంటేనే బాగా అందుతుంది. అది తెలిశాకే ఊరి బయటి రేడియో టెలిస్కోపు నాకు మా ఊరిదనిపించింది. భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1976 నుంచి నడిపిన ఆ తీగల పొలాన్ని దూరం నుంచి చూసి ద్రాక్షపందిరికి నాటిన గుంజలనుకునేవాణ్ణి. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణానికి ఒక చేయి, మొత్తం 1,000 ఏరియళ్లు. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర, దాదాపు 9 మీటర్ల పొడవు తరంగాలతో నక్షత్రలోకాన్ని వినడానికి. అలా విన్నదాన్నే 1990లో ఆకాశపటంగా అచ్చువేశారు.

ఇదంతా అయ్యేసరికి నా హెడ్‌ఫోన్ ఊళ్లోకల్లా మంచిదని నా నమ్మకం. అవ్వకు వినిపించాలనుకున్నాను.

అవ్వకు చెవుడొచ్చి నాలుగేళ్లయింది. ఎడమ చెవి కొంత నయం. ఆమెకు ఒకటే క్యాసెట్ కావాలి, కైవారం తాతయ్య తత్త్వాలు. చింతామణి దగ్గర కైవారంలో గాజులమ్ముకుని బతికి, తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన నారేయణ యోగిని మావైపు అందరూ తాతయ్య అనే అంటారు. 110 ఏళ్లు బతికాడంటారు. అరుగు మీద కూచోబెట్టి తలకు పట్టీ తగిలించాను. కాసేపు విని తీసేసింది.

“తంబూర వినపడతాందిరా. తాతయ్య ఏమంటాండాడో తెలీడం లేదు,” అంది.

సౌండు పెంచితే మొహం చిట్లించింది. నాకు చాలా కష్టమనిపించింది. మామ దగ్గరికి పోతే ఆయన అడిగింది ఒక్కటే: “ఎవరి చెవికి చేసినావురా దాన్ని?”

ముసలితనంలో ముందు పోయేవి సన్నటి స్వరాలు. స, త, క లాంటి హల్లుల పదును ఉండేది వాటిలోనే. గొంతు వినిపిస్తుంది, మాట విడిపడదు. నాకు గీసుకుంటున్నాయని నేను కాగితం పెట్టి అణిచినవే ఆమెకు కావలసినవి. నేను మెచ్చుకుని పెంచుకున్న బేస్ ఆమెకు మాటల మీద కప్పిన దుప్పటి. ఎడమ డిప్ప విప్పి కాగితం తీసేశాను. దూది తీసేశాను. వెనక రంధ్రాలన్నీ తెరిచాను. నాకు ఒక్క నిమిషం వినలేనంత పదునుగా తయారైంది.

అవ్వ ఆ డిప్పను చేత్తో పట్టుకుని చెవికి ఆనించుకుంది. తత్త్వం ఒకటి పూర్తిగా వింది. మధ్యలో ఒక చోట ఆపమని, వెనక్కి తిప్పమని, మళ్లీ వింది. “ఈ మాట ఇదా! ఇన్నేండ్లూ నేను ఇంకోటి పాడుకుంటాన్యానే,” అని గట్టిగా అనేసింది. తరవాత మెల్లగా తానూ అందుకుంది.

తల పట్టీ తీసేశాను. అప్పట్నుంచి సాయంత్రం కరెంటు పోయినప్పుడల్లా అరుగు మీద పక్కపక్కన కూచుని, ఎడమ డిప్ప ఆమె చెవికి, కుడి డిప్ప నా చెవికి ఆనించుకునేవాళ్లం. ఒకే తత్త్వం నాకొక తీరుగా, ఆమెకొక తీరుగా. ఆ తత్త్వాలన్నీ నాకు అలాగే నోటికొచ్చాయి.

అవ్వ 2006లో పోయింది. ఆ రెండు డిప్పలూ ఇప్పుడు నా బల్లసొరుగులో బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. రెండూ ఇంకా పలుకుతాయి. ఎడమదాంట్లో నేను మళ్లీ కాగితం పెట్టలేదు.